రెక్కలు గల రోగి

అనంతపుర మండలమున లేపాక్షి యను ప్రసిద్ధ క్షేత్రము కలదు. ఇప్పుడది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరియున్నది. సీతాదేవిని గొనిపోవుచున్న రావణునితో పోరాడి, రెక్కలు తెగి, జటాయువు అచ్చటనే నేల కూలెనని జనులు చెప్పుకొందురు. శ్రీరాముడు దానిని గాంచి “లే, పక్షీ!” యని పిలుచుటచేత ఆ యూరికి లేపాక్షి యను పేరు కలిగెనని స్థలపురాణము. గాయపడిన పక్షిని జూచి “లే” యని పిలువవలెనని తోచుట మనుష్యస్వభావము. కాని పిలిచినంత మాత్రమున పక్షి లేచునా? జటాయువు లేవలేదు. రాముడు కన్నతండ్రికి వలె దానికి ఉత్తరక్రియలు జరిపెను.

పక్షులయెడ దయ మన దేశమున అనాదిగా నున్నది. వాకిట గింజలు చల్లుటయు, వేసవిలో గోడపై నీటిమూకుడు నుంచుటయు మన యిండ్లలో సామాన్యమైన పనులే. అయితే దయ యొక్కటియే చాలునా? ఈ ప్రశ్న ఒకానొక బాలునికి సంక్రాంతి పండుగనాడు ఎదురయ్యెను.

తెలంగాణములోని యొక చిన్న పట్టణమున ఆనాడు ఆకాశమంతయు గాలిపటములతో నిండియుండెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న ఆ బాలుడు మేడమీద నిలిచి పటము నెగురవేయుచుండెను. ఇంతలో ఒక గోరువంక రివ్వున వచ్చి మాంజాదారమునకు తగులుకొని, గిరగిర తిరుగుచు పిట్టగోడ ప్రక్కన పడెను. దాని కుడిరెక్క తెగి వ్రేలాడుచుండెను. ఆ దారము ఎవరిదో బాలునికి తెలియును. అది ఆతనిదే.

బాలుడు దారపు చరకాను పారవైచి, పక్షిని రెండు చేతులతో గట్టిగా పట్టుకొని రొమ్మునకు హత్తుకొనెను. అక్క గిన్నెతో నీరు తెచ్చెను. ఆతడు పక్షి ముక్కు తెరచి చెంచాతో నీరు పోసెను. అది తల విదిల్చి, నోరు తెరచి రొప్పసాగెను. దప్పిక తీరలేదు కాబోలునని తలచి ఆతడు మరికొంత నీరు పోసెను. పిదప దానిని చొక్కాలో దాచుకొని పశువైద్యశాలకు పరుగెత్తెను.

పండుగనాడైనను కబురు వినగనే వైద్యుడు ఇంటినుండి వచ్చెను. బల్లమీద నుంచునప్పటికే గోరువంక కన్నులు సగము మూతపడియుండెను. ఆయన దానిని మెల్లగా ఒక గుడ్డలో నెత్తుకొనెను. ఆ చేతిలోనే అది ప్రాణము విడిచెను.

“అయ్యా, రెక్క తెగినంత మాత్రమున చచ్చిపోవునా?” అని బాలుడు ఏడ్చుచు అడిగెను.

వైద్యుడు కొంతసేపు మాటలాడలేదు. బాలుని నొప్పింపకుండ చెప్పుట యెట్లో ఆయనకు తోచలేదు, అసత్యమాడుటకును మనసొప్పలేదు. “నాయనా, ఇది రెక్క గాయముచేతనే చావలేదు. నీవు పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి పోయినది. రొమ్మును గట్టిగా పట్టుకొనుటచేత దానికి ఊపిరి యాడలేదు. నీవు దానిని కాపాడవలెననియే పరుగెత్తి వచ్చితివి. ఎట్లు పట్టుకొనవలెనో నీకెవ్వరును చెప్పలేదు” అనెను.

బాలుడు కన్నీరు తుడుచుకొని, “నేను సరిగా తెచ్చియుండినచో మీరు దీనిని బ్రతికించియుందురా?” అని అడిగెను.

వైద్యుని వద్ద ఈ ప్రశ్నకు సమాధానము లేదు. ఆవులకును గేదెలకును గొఱ్ఱెలకును ఇరువది యేండ్లుగా చికిత్స చేసిన చేయి ఆయనది. కోళ్ళ తెగుళ్ళను గూర్చి చదివియుండెను. కాని గుప్పెడంత పక్షి రెక్కను కుట్టి, కట్టు కట్టి, అది మరల ఆకాశమున కెగురునట్లు చేయుట ఆయన ఎన్నడును నేర్వలేదు.

“తెలియదు, నాయనా! ప్రయత్నించియుందును” అని మాత్రము ఆయన చెప్పగలిగెను.

పశువైద్యము నేర్చినవానికి పక్షివైద్యము ఏల కష్టము కావలెను? పక్షి యనగా రెక్కలు గల చిన్న పశువు కాదు. దాని దేహనిర్మాణమే వేరు. మనుష్యులకును పశువులకును రొమ్మునకును పొట్టకును నడుమ ఉదరవితానమను కండరపు తెర కలదు. శ్వాసక్రియకు ఆ తెరయే ముఖ్యాధారము. పక్షులకు అట్టి తెర లేదు. రొమ్ముటెముక కదలినప్పుడే వానికి గాలి లోనికి పోవును, వెలుపలికి వచ్చును. కావున రొమ్మును బిగబట్టినచో, ముక్కు మూయకపోయినను పక్షికి ఊపిరాడదు. ప్రేమతో హత్తుకొన్న చేయియే దానికి ఉరిత్రాడగును.

మరియొక విశేషము. శ్వాసనాళపు ద్వారము పక్షి నోటిలో నాలుక మొదటనే తెరచుకొనియుండును. చెంచాతో పోసిన నీరు కడుపునకు పోవుటకు మారుగా ఆ ద్వారమున దిగును. ఊపిరితిత్తులకు తోడుగా సాధారణముగా తొమ్మిది వాయుకోశములు దేహములో వ్యాపించియుండును. కొన్ని యెముకలు బోలుగా నుండి వానితో సంబంధము కలిగియుండును. రెక్క మొదటి యెముక విరిగి బయటపడినప్పుడు, మన గాయమును కడిగినట్లు నీటిధారతో కడిగినచో, ఆ నీరు ఎముకలోని త్రోవనే శ్వాసమార్గమును చేరగలదు.

పక్షి దేహమున రక్తము దాని బరువులో సుమారు పదవ వంతు. నూరు గ్రాముల గోరువంకలో నుండునది సుమారు 10 మిల్లీలీటర్లు, అనగా రెండు చిన్న చెంచాలు. పరీక్షకై అందుండి ఒక మిల్లీలీటరునకు మించి తీయరాదు. గేదె గాయమునుండి పది చుక్కలు కారినను భయము లేదు. పిచ్చుక విషయమున ఆ పది చుక్కలే ప్రాణాపాయము.

ఇన్నిటికంటెను పెద్ద చిక్కు వేరొకటి యున్నది. పక్షి తన రోగమును దాచుకొనును. నీరసించిన పక్షిని డేగయు పిల్లియు ముందుగా పసిగట్టును. కావున శక్తి యున్నంతవరకు అది ఆరోగ్యముగా నున్నట్లే కనబడును. ఈకలు ఉబ్బించుకొని, కన్నులు మూసి, కొమ్మపై ముడుచుకొని కూర్చున్నదనగా రోగము ముదిరినదని యర్థము. అందుచేత పక్షివైద్యుడు సూక్ష్మమైన గుర్తులను చదువవలెను. రెట్టలో మలము, తెల్లని సున్నమువంటి భాగము, నీరు అను మూడు భాగములుండును. వాని రంగు మారుటయే ఆయనకు ఉత్తరము వంటిది. త్రాసులో నాలుగైదు గ్రాములు తగ్గినను ఆయన ఉపేక్షింపడు. పక్షి శ్వాస యెంత సున్నితమైనదో బ్రిటను బొగ్గుగనులవారు ఎరుగుదురు. విషవాయువును కనిపెట్టుటకై వారు కెనరీ పిట్టలను గనులలోనికి గొనిపోవుచుండిరి. ఆ యాచారము 1986లో గాని ముగియలేదు.

పక్షులకు చికిత్స చేయుట క్రొత్తగా పుట్టిన యూహ కాదు. కుమాయూను రాజైన రుద్రదేవుడు సంస్కృతమున రచించిన ‘శ్యైనికశాస్త్రము’ డేగవేటను గూర్చిన గ్రంథము. డేగల రోగములును వాని చికిత్సలును అందు చెప్పబడినవి. ఢిల్లీలో ఎఱ్ఱకోట యెదుట, దిగంబర జైనమందిరమును చేరియున్న ధర్మపక్షివైద్యశాల 1929లో స్థాపింపబడినది. అచ్చట కోలుకొన్న పక్షులను పంజరములకు తిరిగి పంపరు, ఆకాశమునకే విడిచిపెట్టుదురు. 1999లో అబుధాబి నగరమున డేగలకొరకే యొక పెద్ద వైద్యశాల తెరవబడినది. విరిగిన ఈకకు మారుగా, పూర్వము రాలిన మరియొక ఈకను సన్నని పుల్లతో అతికి, డేగను మరల ఎగురజేయు నేర్పు వేటకాండ్రకు శతాబ్దములనుండి తెలిసినదే. నేటి వైద్యులును దానిని ఆచరించుచున్నారు.

మన రైతులకు పరిచితమైన పక్షివైద్యము కోళ్ళది. కొక్కెర తెగులు వచ్చినచో ఒక్క వారములో దొడ్డియంతయు ఖాళీయగునని పల్లెలలో అందరికిని తెలియును. 1927లో హిమాలయప్రాంతపు రాణిఖేతు పట్టణమున గుర్తింపబడుటచేత మన దేశమున దానికి రాణిఖేతు వ్యాధియను పేరు కలిగినది. టీకాలు వచ్చిన పిదప లక్షలకొలది కోళ్ళు దాని వాత పడకుండ బ్రతుకుచున్నవి. 2006లో మహారాష్ట్రములోని నవాపూరున పక్షుల ఫ్లూ మన దేశమున మొదటిసారి బయల్పడినప్పుడు, కోళ్ళ నడుమ నిలిచి దానిని అరికట్టినవారిలో పశువైద్యులు అగ్రగణ్యులు. ఆ రోగము మనుష్యులకును సోకగలదు. అందుచేత వారి శ్రమ కోళ్ళకే గాక మనకును రక్ష.

అయితే కోళ్ళ వైద్యమునకును గోరువంక వైద్యమునకును ఒక భేదము కలదు. కోళ్ళ వైద్యునికి పదివేల కోళ్ళ మందయే యొక రోగి. చచ్చిన కోడిని కోసి చూచి, కారణము కనుగొని, తక్కిన వానిని కాపాడును. ఒంటరి పక్షికి చికిత్స చేయువానికి ఆ వెసులుబాటు లేదు. ఆయన యెదుట నున్నది ఒకే ప్రాణము. అది పోయినచో కాపాడుటకు మరియొకటి యుండదు.

పక్షుల దేహమును గూర్చిన అజ్ఞానము ఎంత కీడు చేయగలదో రాబందుల చరిత్ర తెలుపుచున్నది. ఒకప్పుడు మన దేశమున రాబందులు కోట్లకొలది యుండెడివి. పశువు చచ్చిన చోట అవి గుంపులుగా దిగి, కొలది సేపటిలో ఎముకలు మాత్రము మిగిల్చి, ఊరిని శుభ్రపరచెడివి. 1990 తరువాతి సంవత్సరములలో అవి చెట్లపై తలలు వ్రేలవైచి, ఒకటొకటిగా నేల రాలసాగెను. 1992 మొదలు 2007 వరకు తెల్లవీపు రాబందుల సంఖ్య ఎంత తగ్గెననగా, వేయి యున్నచోట ఒకటి మిగిలెను. ఏదో క్రొత్త అంటురోగమని పలువురు తలచిరి.

పాకిస్తానములోని పంజాబు సీమలో లిండ్సే ఓక్స్ అను అమెరికా పశువైద్య శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును చచ్చిన రాబందులను కోసి పరీక్షించిరి. వాని కాలేయముపైనను గుండెపైనను తెల్లని సుద్ద చల్లినట్లుండెను. అది యూరికామ్లపు స్ఫటికముల పూత. మూత్రపిండములు చెడుటచేత ఆ యామ్లము దేహములోనే పేరుకొనినది. మూత్రపిండములు ఏల చెడెను? ఎన్ని రోగములను వెదకినను జాడ దొరకలేదు. చివరకు పశువుల కిచ్చు మందులవైపు వారి దృష్టి మరలెను. డైక్లోఫినాక్ అను నొప్పి మందే కారణమని 2003లో తేలెను. 2004లో ఆ సంగతి ‘నేచర్’ పత్రికలో ప్రకటింపబడెను. ఆ మందు పుచ్చుకొని చచ్చిన పశువు మాంసమును తినిన రాబందు కొలది దినములలోనే మరణించుచుండెను.

ఆ మందు నిచ్చిన వైద్యులు క్రూరులు కారు. ముసలి యెద్దు కుంటుట చూడలేక, దాని నొప్పి తగ్గింపవలెనని యిచ్చిరి. పశువునకు మేలు చేసినది పక్షికి విషమగునని వారెరుగరు. పక్షిని రొమ్మునకు హత్తుకొన్న బాలుని దయయు, ఎద్దునకు సూదిమందు వేసిన వైద్యుని దయయు ఒకటియే. రెంటికిని తోడు లేనిది తెలివిడి.

2006లో మన ప్రభుత్వము పశువైద్యమున డైక్లోఫినాకును నిషేధించెను. రాబందులకు హాని చేయని మెలాక్సికమ్ అను మందు దానికి మారుగా వచ్చెను. హర్యానాలోని పింజోరు వద్ద 2001లో ఆరంభమైన రాబందుల సంరక్షణ కేంద్రము ఇప్పుడు జటాయువు పేరనే పిలువబడుచున్నది. మన హైదరాబాదు జంతుప్రదర్శనశాలలోను రాబందుల పెంపకమునకొక కేంద్రము కలదు. రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. పోయిన కోట్లు తిరిగి వచ్చుటకు ఎన్ని తరములు పట్టునో! కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ అను మరి రెండు మందులుకూడ వానికి హానికరములని తెలిసి, 2023లో పశువైద్యమున నిషేధింపబడినవి. తెలిసికొనవలసినది ఇంకను ముగియలేదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇట్టి విద్యను నేర్చుటెట్లు? ఇంటర్మీడియటులో జీవశాస్త్రము చదివిన విద్యార్థి పశువైద్య కళాశాలలో ప్రవేశింపవచ్చును. తిరుపతిలో 2005లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును, హైదరాబాదులో 2014లో ఏర్పడిన పి. వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయమును తెలుగువారికి సమీపముననే యున్నవి. ఒక సంవత్సరపు ఆచరణశిక్షణతో కలిపి చదువు అయిదున్నర యేండ్లు. ఆపైన కోళ్ళను గూర్చియో వన్యప్రాణులను గూర్చియో ప్రత్యేకముగా చదువవచ్చును. కాని పక్షిని చేతబట్టుట పుస్తకము నేర్పదు. అనుభవజ్ఞుని ప్రక్కన నిలిచి నేర్వవలసినదే.

అచ్చట మొదటి పాఠము ముట్టకుండుట. దూరమున నిలిచి, పక్షి యెట్లు కూర్చున్నదో, తోక యెట్లు కదలుచున్నదో, ఎట్లు ఊపిరి తీయుచున్నదో చూచుట. రెండవ పాఠము తూచుట. మూడవది, రొమ్ము నదుమకుండ, రెక్కలు కొట్టుకొనకుండ గుడ్డలో నెత్తుట. పిదప చచ్చిన పక్షులను కోసి అవయవములను గుర్తించుట. బ్రతికియున్న పక్షికి సూది గ్రుచ్చుట ఇవన్నియు వచ్చిన తరువాతనే. రెక్క యెముక అతికినంత మాత్రమున పని ముగియదు. కట్టు ఎక్కువ దినములున్నచో కీలు బిగిసిపోవును. త్వరగా విప్పినచో ఎముక తొలగిపోవును. నడచు పశువు కొంచెము కుంటినను మేత మేయగలదు. ఎగురలేని పక్షి బయట బ్రతుకలేదు.

మరల ఆ చిన్న పట్టణపు మాట. గోరువంక చచ్చిన తరువాత వైద్యుని మనసు కుదుటపడలేదు. బాలుని ప్రశ్న చెవిలో గింగురుమనుచునే యుండెను. ఆ యేడు వేసవిలో ఆయన సెలవు పెట్టి, ఒక జంతుప్రదర్శనశాలలోని వైద్యశాలకు పోయి, నెలదినములు పక్షులను చూచుట నేర్చుకొనెను. తన కుమారుని యీడు యువకుల సరసన నిలిచి, “ఇది యేమి? అది యేల?” అని అడుగుటకు ఇరువది యేండ్ల అనుభవము గల ఆ వైద్యుడు సిగ్గుపడలేదు.

మరుసటి సంక్రాంతి వచ్చెను. బాలుడు ఆ యేడు మాంజా కొనలేదు. నైలాను మాంజాను జాతీయ హరిత న్యాయస్థానము 2017లోనే నిషేధించినను అంగళ్ళలో అది చాటుగా దొరకుచునే యుండెను. కనుమనాటి ఉదయము వేపచెట్టు కొమ్మకు చిక్కుకొన్న దారమున ఒక పావురము కొట్టుకొనుచుండుట ఆతడు చూచెను. పెద్దవారు నిచ్చెన వేసి దారము తెంపి దానిని దింపిరి. ఎవరో నీరు తెచ్చిరి. “వద్దు” అని బాలుడు గట్టిగా చెప్పెను. ఆతడు పక్షిపై గుడ్డ కప్పి, మెల్లగా నెత్తి, రంధ్రములు పొడిచిన అట్టపెట్టెలో నుంచి మూత వేసెను. చీకటిలో దాని బెదురు తగ్గునని ఆతడెరుగును. ఈసారి ఆతడు పరుగెత్తలేదు. పెట్టె కదలకుండ నడిచిపోయెను.

వైద్యుడు పావురమును తూచెను. రెక్కలో దిగిన దారమును తీసి, గాయమును తడిగుడ్డతో తుడిచి, కుట్టి, రెక్కను దేహమునకు చేర్చి, రొమ్మును బిగింపకుండ కట్టు కట్టెను. బాలుడు ప్రతిదినము సాయంకాలము వచ్చి దాని బరువును ఒక పుస్తకములో వ్రాయుచుండెను. మొదటి మూడు దినములు బరువు తగ్గెను. నాలుగవ దినము నిలిచెను. ఆరవ దినము రెండు గ్రాములు పెరిగెను. ఆ రెండు గ్రాములకు వారిరువురును పొందిన సంతోషము చూచిన వారికి వింతగా నుండెను.

కట్టు విప్పిన పిదప, తలుపులు మూసిన గదిలో ఎగురుట అభ్యసింపజేసి, ఒకనాటి ఉదయము వారు దానిని వైద్యశాల మేడమీదికి గొనిపోయిరి.

“అయ్యా, ఇప్పుడైనను చెప్పుడు. ఆ గోరువంకను బ్రతికించియుందురా?” అని బాలుడు అడిగెను.

“ఏమి చేయవలెనో ఇప్పుడు తెలియును, నాయనా! బ్రతికియుండునో లేదో ఇప్పటికిని చెప్పలేను” అని వైద్యుడు బదులు పలికెను.

బాలుడు పెట్టె మూత తీసెను. పావురము అంచుమీద నిలిచి అటునిటు చూచెను. పిదప రెక్కలు టపటప కొట్టి లేచి, వేపచెట్టు మీదుగా ఎగిరిపోయెను. కుడిరెక్క కొంచెమును తడబడలేదు. వైద్యుడు అది కనుమరుగగువరకు ఆ రెక్కనే చూచుచుండెను. బాలుడు ఖాళీ పెట్టెను చంకనిడుకొని మెట్లు దిగి బడికి పోయెను.